ఆముదం బండి

ఇవాళ రాత్రి పొద్దుపోయాక ఆముదం సీసా చేజారి కుంపటి మీద పడింది. పాప మాడుకి రాద్దామని కాస్త వెచ్చబెడుతున్నాను. ఒళ్లో పిల్ల ఒక్కసారిగా విరుచుకునేసరికి నా మోచెయ్యి తగిలింది. ఉన్న ఆముదమంతా నిప్పుల మీద చుయ్యిమని కాలి, గదంతా తెల్లటి పొగ కమ్మింది. పిల్లని ఎత్తుకుని వరండాలోకి పరిగెత్తి, దగ్గుతోందా, కళ్లు ఎర్రబడ్డాయా అని పదిసార్లు చూసుకున్నాను. అది నవ్వుతూనే ఉంది. పొగ తగ్గాక తిరిగి గుమ్మంలో అడుగు పెడితే ఆ వాసన ముక్కుకి తగిలింది. పిల్లని భుజాన వేసుకుని అక్కడే నిలబడిపోయాను. మాడిన ఆముదం వాసన అది. మా నాన్న మోటారు సైకిలు వాసన.

పలాసలో ఈ రైల్వే క్వార్టర్సులో మేం కాపురం పెట్టి రెండేళ్లయింది. ఆయన డ్యూటీకి వెళ్లారు. పాపకి ఏడో నెల. నేను మొదట్నుంచీ భయస్తురాలినే. పిల్ల పుట్టాక ఆ భయానికి ఒక పని దొరికింది, అంతే. నిద్రపోతున్న దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తాను. నిన్నటికంటే ఒక గుక్క తక్కువ తాగితే లెక్కపెట్టుకుంటాను. మార్గశిరం చలి, మాడుకి ఆముదం లేకుండా దాన్ని పడుకోబెట్టడం ఇదే మొదటిసారి. కొట్లన్నీ మూసేశారు. పక్కింటివాళ్లని లేపడానికి మొహమాటం. నిద్ర రాదని తెలిసి, కాగితాలు ముందేసుకున్నాను. ఈ బల్ల మీద నేను కలాలు పెట్టుకునే గుండ్రటి ఇనప వస్తువొకటుంది. చూసినవాళ్లు చిన్న రోలు అనుకుంటారు. అది నాన్న మోటారు సైకిలు పాత పిస్టను. నాన్న పోయాక, నీకేం కావాలని అమ్మ అడిగితే నేను తెచ్చుకున్నది ఇదొక్కటే. దాని ఒంటి మీద నిలువునా నాలుగు గీతలున్నాయి. ఆ గీతలు నా వల్ల పడ్డాయి. ఆ సంగతి నాన్నకి నేనెప్పుడూ చెప్పలేదు.

నాన్న టెక్కలిలో మాస్టారు. ఆ రోజుల్లో నౌపడ ఉప్పు కొటార్ల మీద ఒక తెల్లదొర అధికారిగా ఉండేవాడు. దొరలు ఈ ప్రాంతంలో ఉద్యోగం చెయ్యాలంటే తెలుగు పరీక్ష ప్యాసు కావాలట. నాన్న ఆదివారాలు చిన్న రైలెక్కి వెళ్లి అతనికి పాఠం చెప్పేవాడు. దొర పరీక్ష ప్యాసయ్యాడు, బదిలీ అయింది. వెళ్లిపోతూ కొటారు వెనక పాకలో పడి ఉన్న మోటారు సైకిలు చూపించి, ఇది నీది పంతులూ అన్నాడు. యుద్ధానికి ముందెప్పుడో సీమ నుంచి ఓడలో వచ్చిన బండి. ఒకటే సిలిండరు. వెనక చక్రాన్ని తిప్పడానికి గొలుసు ఉండదు, పొడవాటి తోలు పట్టా. ఉప్పుగాలికి దాని ఒళ్లంతా తుప్పు పొలుసులు లేచాయి. హేండిలు మీద కందిరీగ గూడు కట్టింది. రైలు దింపి ఎడ్లబండి మీద ఇంటికి తెచ్చినప్పుడు అమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"ఎక్కడ పెడతారు దీన్ని?"

"పశువుల శాలలో."

"అయితే పాలిస్తుందా?" అంది అమ్మ.

ఆ శాలలోనే ఏడాది పైన గడిచింది మా ఇంట్లో అందరికీ. ఎండుగడ్డి, ఆవు పేడ, కిరసనాయిలు మూడూ కలిసిన వాసన నాకిప్పటికీ చదువు వాసనలాగే తోస్తుంది, ఎందుకంటే నా ఎక్కాలూ పద్యాలూ నాన్న అక్కడే అప్పజెప్పించుకునేవాడు. చేతిలో పానా తిప్పుతూ, నేను తప్పు చదివితే పానా ఆపేవాడు. మళ్లీ తిరిగిందంటే సరిగ్గా చదివానన్నమాట. ఆయన అరిచి ఎరగడు. ఉదయం బడికి వెళ్లేముందు తెల్ల చొక్కా తొడుక్కుని, చివరిగా శాలలోకి తొంగి చూసి వెళ్లేవాడు. సాయంత్రం వచ్చాక కాళ్లు కడుక్కుని, ఆ చొక్కా మేకుకి తగిలించి, పాత గావంచా కట్టుకుని వెళ్లేవాడు. భోజనానికి పిలిస్తే వస్తున్నా అని మూడుసార్లనేవాడు. మూడోసారి పిలవడానికి అమ్మ నన్ను కాదు, చంకలో ఉన్న తమ్ముణ్ణి తీసుకుని తనే వెళ్లేది. వాడి ఏడుపుకి మాత్రం నాన్న లేచేవాడు.

పలాస రైలు షెడ్డులో ఫిట్టరు పైడయ్య. నాన్న ఊరివాడే. ఇద్దరూ చిన్నప్పుడు ఉద్దానం జీడిమామిడి తోటల్లో కలిసి తిరిగారు. నాన్నని బావా అనేవాడు, మేం మావ అనేవాళ్లం. ఆదివారం పూట రైలు దిగి, గుడ్డలో చుట్టిన పనిముట్లు చంకన పెట్టుకుని వచ్చేవాడు. మొదటిరోజు బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, సిలిండరు మీద వేళ్లతో తట్టి, చెవి పెట్టి విన్నాడు.

"బావా, ఇది సచ్చిపోనేదు. బిగుసుకుపోయింది. మీ అయ్యనాగ."

నాన్న నవ్వాపుకున్నాడు గాని అమ్మ ఆపుకోలేదు. మా తాత సంగతి ముగ్గురికీ తెలుసు.

లోపల పిస్టను తుప్పుతో సిలిండరుకి కరుచుకుపోయింది. సుత్తితో కొడితే పగులుతుందని మావ అన్నాడు. ఆముదం, కిరసనాయిలు కలిపి పైన ఉన్న కన్నంలోంచి పోసి, ఇంక దాని దారిన దాన్ని ఒగ్గీమన్నాడు. నాన్న రోజూ పొద్దున్న కొంచెం పోసేవాడు, వెనక చక్రం పట్టుకుని మెల్లిగా ఊపేవాడు, కదల్లేదని తల అడ్డంగా తిప్పి బడికి వెళ్లిపోయేవాడు. అమ్మ దాన్ని మండలం దీక్ష అనేది. నలభై రోజులు లెక్కపెట్టలేదు గాని, ఒక పొద్దున్న నాన్న శాలలోంచి పిలిచిన పిలుపుకి అమ్మ చేతిలో గరిటెతోనే పరిగెత్తింది. పిస్టను జొన్నగింజంత కదిలింది. మేమెవరమూ దాన్ని చూడలేకపోయాం. నాన్న చేతికే తెలిసింది. అయినా ఆ రోజు అమ్మ పరమాన్నం వండింది.

విప్పదీసిన ప్రతి ముక్కా పాత దుప్పటి మీద వరసగా పరిచి, పక్కన సుద్దముక్కతో అంకె వేసేవాడు నాన్న. ఏది ఎక్కడిదో నోటుబుక్కులో బొమ్మ గీసుకునేవాడు. మసి గోకడానికి మావ చిన్న రేకు తెమ్మంటే, ఇనుముని ఇనుముతో గోకితే గీతలు పడతాయని అమ్మ మామిడికాయలు చెక్కు తీసే ఆల్చిప్ప తెచ్చి ఇచ్చింది. మావ దాంతో గోకి చూసి, షెడ్డులో దొర కూడా ఇంతటి పనిముట్టు సూడనేదు అక్కా అన్నాడు. ఆ ఏడు మా ఇంట్లో ఆవకాయకి కొత్త ఆల్చిప్పలు వెతుక్కోవాల్సి వచ్చింది.

నాకిచ్చిన పని వాల్వులు నూరడం. గాలీ పెట్రోలూ లోపలికి పోవడానికొకటి, పొగ బయటికి పోవడానికొకటి, పుట్టగొడుగుల్లాంటి రెండు ఇనప మూతలుంటాయి. అవి కూర్చునే చోట వెంట్రుకంత సందు కూడా ఉండకూడదు. సాన పట్టడానికి వాడే కురుంద రాతి పొడి నూనెలో కలిపి అంచుకి రాసి, మూతకి ఒక కర్ర తగిలించి, దాన్ని అరచేతుల మధ్య అటూ ఇటూ తిప్పాలి. చల్ల చిలికే కవ్వంలాగే. నేను బాగా చేస్తానని మావ నాకే ఒప్పజెప్పాడు. తిప్పగా తిప్పగా గరగరలాడే చప్పుడు మెత్తబడి, చివరికి పట్టుగుడ్డ మీద చెయ్యి రాసినట్టు వినిపించేది. అప్పుడు మావ పైన కిరసనాయిలు పోసి, కింద చుక్క పడుతుందేమో చూసేవాడు. పడితే మళ్లీ మొదలు. నా అరచేతుల్లో బొబ్బలు లేచి, చితికి, మళ్లీ లేచాయి. రోజూ బడిలో వాటిని ఎవరికీ కనపడకుండా దాచుకున్నాను, ఎందుకంటే చూపిస్తే మాన్పించేస్తారని భయం.

సరిగ్గా అలాంటి ఒక సాయంత్రం తాత వచ్చాడు.

తాతది వజ్రపుకొత్తూరు వైపు, సముద్రపు హోరు ఇంట్లోకి వినిపించే ఊరు. ఏడాదికి రెండుసార్లు ఎడ్లబండి మీద కొబ్బరికాయలూ, సొంత తోట కాయలతో గానుగాడించిన డబ్బాడు కొబ్బరినూనే తెచ్చేవాడు. ఆ నూనె గురించి చెప్పడం మొదలుపెడితే ఆపేవాడు కాదు. దేవుడి దీపానికి అదే, తలకి అదే, కూరకి అదే, పుండుకి అదే. ఆయన ఒంటికి చుట్ట వాసన, కొబ్బరిపీచు వాసన. వచ్చీ రావడంతోనే శాలలోకి తొంగి చూసి, మోచేతుల దాకా మసి పట్టిన నన్ను చూశాడు.

"ఒలే గుంటా, ఏటే ఆ సేతులు? కుండలు తోముతన్నావా?"

"కాదు తాతా. వాల్వు నూరుతున్నాను."

"ఏటీ?"

"వాల్వు."

తాత తలగుడ్డ తీసి ముఖం తుడుచుకుని నాన్న వైపు తిరిగాడు.

"సూరీ, గుంటకి పదకొండో ఏడు. పూండి వోరు అడుగుతన్నారు. తోటుంది, రెండు జతల ఎడ్లున్నాయి. సదివింది సాల్లే."

"ఇంకా చదువుకోనీ అయ్యా."

"ఎందాక?"

నాన్న పానా కింద పెట్టాడు. "చదవగలిగినంత వరకూ."

తాత నేల మీద పరిచిన ముక్కల్ని చూపించాడు. "నువ్వు మొదలెట్టడమే గాని సివరెప్పుడు సూసావు? ఏడాదయింది, ఎద్దుల్లేని బండిని ముక్కలు సేసి ఆరబెట్టుకున్నావు. గుంట సదువూ అంతే. మద్దెలో ఆగిపోద్ది, అప్పటికి వయసు దాటిపోద్ది." ఆయన గొంతులో కోపం లేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. "సరే, ఇనుకో. మార్గశిరంలో పెళ్లోరిని మనింటికి బోజనానికి పిలిసాను. ఈ బండి దాని కాళ్ల మీద అది నా వాకిట్లోకి రావాల. ఎడ్లు కట్టకూడదు, తొయ్యకూడదు. ఆల్లు విస్తట్లో సెయ్యి కడుక్కునేలోగా వొచ్చిందా, గుంటని సదివించుకో. రానేదా, ఆల్లకి మాటిచ్చేత్తాను."

"సరే," అన్నాడు నాన్న. ఒక్కసారి కూడా నావైపు చూడలేదు.

మర్నాడు పొద్దున్న తాత బండి కదిలాక, అమ్మ పగిలిన కంచు గిన్నె ఒకటి తెచ్చి నాన్న ముందు పెట్టింది. పిస్టనుకీ దాని కడ్డీకీ మధ్య ఉండే కంచు కడియం అరిగిపోయిందని, కొత్తది పోయించాలని నాన్న ఎన్నాళ్లుగానో అంటున్నాడు. నా చిన్నప్పుడు చద్దన్నం పెట్టిన గిన్నె అది. కంచరి దాన్ని కరిగించి అచ్చు పోశాడు. పైడయ్య మావ భోజనం వేళల్లో షెడ్డులోని లేతు యంత్రం మీద దాన్ని సాపు చేశాడు, పిస్టను చుట్టూ ఉండే రింగులు కూడా చేసి తెచ్చాడు. నాన్న పాత పరీక్ష కాగితాల అట్టలు కత్తిరించి, నూనెలో నానబెట్టి, సందుల్లో పెట్టాడు. సున్నాలు వచ్చినవాళ్ల కాగితాలు చూసి పెట్టు బావా, గాలి బయటికి పోకుండా అవే గట్టిగుంటాయి అనేవాడు మావ.

ఇంజిను మొదటిసారి పలికిన రోజు నాన్న బండిని వీధి చివరిదాకా తోసుకుంటూ పరిగెత్తాడు, పైడయ్య మావ వెనక పరిగెత్తాడు, మా వీధి పిల్లలంతా మావ వెనక. మూడోసారి పట్‌మని ఒక్క దెబ్బ, కాసేపు ఏమీ లేదు, ఆ తర్వాత ఆగకుండా పటపటా. నాన్న తిరిగొచ్చేసరికి వీధంతా నీలిపొగ. ఆ ఇంజినులో ఆముదమే పోయాలని మావ మొదట్నుంచీ చెప్పాడు. ఎంత వేడెక్కినా పల్సబడిపోదు, ఇనుముని ఒగ్గదు అనేవాడు. అది ఇంజినులో కాలి పొగగొట్టంలోంచి వచ్చే వాసన పసిపిల్లల గదివాసనలా ఉండేది, కాని మాడినట్టు, దూరమెక్కడికో వెళ్లబోతున్నట్టు. పిల్లలు ఆ రోజే దానికి ఆముదం బండి అని పేరు పెట్టారు.

తాత పెట్టిన గడువుకి ముందురోజు నాన్న ఆముదం వడగట్టి చిన్న డబ్బాలో పోసి శాలలో పెట్టాడు. ఆయనకి పెద్ద జలుబు. ఆ సాయంత్రం తమ్ముడికి ఒళ్లు వెచ్చబడి, గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టాడు. ఇంట్లో ఆముదం సీసా ఖాళీ. అమ్మ శాలలోకి వెళ్లి ఆ డబ్బాలో ఉన్న కాస్తా వంచుకుని వాడికి అరికాళ్లకీ మాడుకీ పట్టించింది. కోమటి కొట్టు నుంచి మళ్లీ తెప్పించుకోమని మీ నాన్నకి చెప్పు అని నాతో అంది. నేను చెప్పలేదు. రేపు వేసుకోవాల్సిన పరికిణీ మడత పెట్టుకుంటూ మరచిపోయాను. కోడి కూసే వేళ గుర్తొచ్చింది. నాన్న అప్పటికే లేచి దంతధావనం చేస్తున్నాడు. ఇప్పుడు చెబితే కొట్టు తెరిచేదాకా ఆగాలి, ఆలస్యమవుతుంది, తప్పు నాదవుతుంది. పొయ్యి పక్కన తాత తెచ్చిన కొబ్బరినూనె డబ్బా ఉంది. దేవుడి దీపానికి పనికొచ్చేది, తలకీ కూరకీ పుండుకీ పనికొచ్చేది, ఇంజినుకి పనికిరాకపోతుందా? పైగా తాత ఇంటికే కదా వెళ్తున్నాం. పొయ్యి వెచ్చకి అది నీళ్లలా పలచగా ఉంది. చిన్న డబ్బా నింపేశాను. చీకట్లో నాన్న దాన్ని తీసి బండిలో పోసుకున్నాడు. ముక్కు పనిచేసే మనిషైతే ఆ వాసనకి ఆగేవాడు.

మడతపెట్టిన గోనె మీద నాన్న వెనక కూర్చుని, ఆయన నడుం పట్టుకుని నేను చేసిన ఆ ప్రయాణం లాంటిది మళ్లీ నా జీవితంలో లేదు. టెక్కలి దాటాక తెల్లవారింది. నౌపడ ఉప్పుమళ్ల మీద మంచు, మళ్లు ఎక్కడ ఆగిపోయాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. చలిగాలి ముఖాన్ని కోసేస్తోంది. ప్రతి రెండు మైళ్లకీ నాన్న పెట్రోలు టాంకు పక్కనున్న చిన్న చేతిపంపు ఒకసారి నొక్కాలి, అప్పుడే నూనె గొట్టంలోంచి ఇంజినులోకి దిగుతుంది. మొదట్లో అది సులువుగా దిగింది. పూండి దాటి ఇసకదారి పట్టాక నాన్న దాన్ని రెండు చేతులతో నొక్కాలనుకుని, హేండిలు వదలలేక, బొటనవేలితో బలంగా నెట్టడం చూశాను. ఆ తర్వాత ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఇంజిను మూలిగింది. వెనక చక్రం ఇసకలో ఈడ్చుకుపోయి ఆగిపోయింది. చుట్టూ కొబ్బరితోటలు, జీడిమామిడి చెట్లు. తాత ఊరు ఇంకా మైలుంది. ఎండ అప్పుడే చెట్ల మీదికి వస్తోంది.

తోటల్లో పనిచేసుకునేవాళ్లు పదిమంది మూగారు. తాత అందరికీ తెలుసు, ఆయన పెట్టిన పందెం కూడా అందరికీ తెలుసు.

"మేస్టారూ, ఊరి మొగదాక తోసీసి ఒగ్గేత్తాం," అన్నాడొకడు. "ముసలోడికి ఎలా తెలుత్తాది?"

"ఇసకలో తప్పిపోయిన పెయ్యని అడుగుల జాడ పట్టుకుని సోంపేట సంతదాకా వెళ్లినవాడు మా అయ్య," అన్నాడు నాన్న. "నీ అడుగు చూసి నీ పేరు చెబుతాడు."

అందరూ నవ్వి, ఎవరి పనిలోకి వాళ్లు పోయారు. నాన్న నూనె గొట్టం విప్పాడు. లోపల తెల్లగా, వెన్నపూసలా పేరుకుని ఉంది. వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. జలుబుకి ఏమీ తెలియలేదు. ఆ వేలు నా ముక్కు దగ్గర పెట్టాడు.

"ఏ నూనె వాసనమ్మా ఇది?"

"ఆముదం," అన్నాను.

ఆముదం ఎంత చలికీ అలా తెల్లగా పేరుకోదని నాకప్పుడు తెలియదు. నాన్నకి తెలుసు. ఆయన నావంక చూశాడు. చాలాసేపేమీ కాదు, నా ఎక్కంలో తప్పు దొర్లినప్పుడు పానా ఆపినంతసేపు. తర్వాత ఆ వేలితో, చలికి పగిలి నెత్తురు జీరలు కనిపిస్తున్న నా పెదాల మీద ఆ పేరిన నూనె రాశాడు. పై పెదవికి, కింది పెదవికి. "బాగా పగిలాయే," అన్నాడు. నా నోట్లోకి కొబ్బరి తీపి వచ్చింది.

"ఇంజిను చల్లారితే పిస్టను వదులుతుంది," అన్నాడు మళ్లీ పనిలోకి వంగి. "కాని ఆముదం లేనిదే ఇంక నడవదు. ఇక్కడెక్కడ దొరుకుతుందో."

ఆయన మాట పూర్తి కాకుండానే నేను పరిగెత్తాను. తోట చివర తాటాకిల్లు ఒకటి కనిపించింది. కంచె మీద చిన్న చిన్న గుడ్డలు ఆరేసి ఉన్నాయి. పసిగుడ్డలున్న ఇంట్లో ఆముదం ఉంటుందని మాత్రం నాకు తెలుసు. లోపల సాంబ్రాణి పొగ, వెల్లుల్లి వాసన. చెవుల్లో దూది పెట్టుకుని, తలకి గుడ్డ కట్టుకుని, మంచం మీద ఒక బాలింత కూర్చుని ఉంది. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్దదేమో. ఒళ్లో పిడికెడంత పిల్ల.

"ఎవరే నువ్వు? ఎవరింటి గుంటవి?"

చెప్పాను. ఆముదం కావాలన్నాను. ఎందుకని అడిగింది. ఆ అడగడంలో ఏముందో, నాన్నకి చెప్పలేనిదంతా ఆమెకి చెప్పేశాను. తమ్ముడి జ్వరం, మరచిపోవడం, కొబ్బరినూనె పొయ్యడం, అబద్ధమాడడం, పెళ్లివారు విస్తట్లో చెయ్యి కడుక్కుంటే నా చదువు అయిపోతుందని. ఆమె నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఓలమ్మ. బండికి కొబ్బరినూనె పోసీసినావా? తలంటేద్దామనుకున్నావేటి?" తలగడ వెనక నుంచి సీసా తీసి నా చేతిలో పెట్టింది. నిండుగా ఉంది. "బేగి ఎల్లు. మా అత్త నీళ్లకెల్లింది. సూసిందంటే నన్ను సంపేద్ది."

"మరి నీ పాపకి?"

"ఒక్క రోజు ఆముదం నేపోతే గుంటకేటీ అయిపోదు. ఎల్లెల్లు." నేను గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అంది, "ఇదీ ఆడగుంటే. నీ సదువయ్యాక ఒచ్చి దీనికి రెండచ్చరాలు సెప్పు."

సెబుతాను అని ఆమె యాసలోనే అరిచి పరిగెత్తాను.

నాన్న పొద్దెక్కేదాకా గొట్టం ఎండలో పెట్టి కరిగించాడు, నూనె టాంకులో ఉన్నదంతా ఇసకలో పారబోశాడు, సీసాలోది పోశాడు. సీసా ఎవరిచ్చారని అడగలేదు. నాలుగుసార్లు పెడలు తొక్కితే ఇంజిను కదిలింది. లోపల ఏదో గీరుతున్న చప్పుడుతో, సగం బలంతో, కుంటుకుంటూ నడిచింది. నన్ను దిగి పక్కన నడవమంటాడేమో అనుకున్నాను. దిగమనలేదు. ఊళ్లోకి వచ్చేసరికి మా వెనక కుక్కలూ పిల్లలూ. తాత వాకిట్లో ఇసక మీద బండి ఆగింది. వీధి అరుగు మీద పెళ్లివారు పెరుగన్నం కలుపుకుంటున్నారు. పొగంతా వాళ్ల విస్తళ్ల మీదికి పోయింది.

తాత గుమ్మంలో నిలబడి వాసన పీల్చాడు.

"ఏట్రా సూరీ, ఇల్లంతా బాలింతిల్లు వాసనేసీసింది."

పెళ్లివారిలో పెద్దాయనకి పొలమారేంత నవ్వొచ్చింది. తాత నవ్వలేదు. తలగుడ్డ చుట్టుకుని, బండి చక్రం ఇసకలో గీసిన గీత వెంట నడుచుకుంటూ ఊరు దాటి వెళ్లిపోయాడు. అందరం కూర్చున్నాం. పెళ్లివారు చేతులు కడుక్కుని తాంబూలాలు కూడా వేసుకున్నారు. ఆయన తిరిగొచ్చేసరికి ముఖమంతా చెమట.

"తోటకాడ ఆగింది," అన్నాడు.

"ఆగింది అయ్యా."

"తొయ్యనేదు."

"లేదు."

"అదీ సూసాను." అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించుకున్నాడు. "ఈ ఏటికి సదివించు. పై ఏడు మల్లీ రానీ. అప్పుడు సూద్దాం."

అలా ప్రతి మార్గశిరంలోనూ ఆ బండి తాత వాకిట్లోకి వెళ్లి, నా చదువుకి ఇంకో ఏడు అడిగి తెచ్చేది. పిస్టను మరుసటి నెలలోనే మావ కొత్తది చేయించాడు. పాతదానికి పడ్డ గీతల్ని చూసి, ఇదేటి బావా ఎండిపోయిన ఇంజిన్నాగుంది అని అడిగితే, నూనె చూసుకోలేదు, తప్పు నాదే అన్నాడు నాన్న. నేను పక్కనే ఉన్నాను. నాలుగో ఏడో అయిదో ఏడో తాత ఇంక ఆ మాట ఎత్తలేదు. బండి వాకిట్లో ఆగగానే, ఏ తరగతే ఇప్పుడు అనేవాడు. విశాఖపట్నంలో కాలేజీలో చేరానన్నప్పుడు, అక్కడికి దీని మీద ఎల్తావేటి అని అడిగాడు. అలా వెళ్లినన్ని సార్లూ ఆ తోట దగ్గర నాన్న బండి ఆపేవాడు. ఇంజిను చల్లారనీ, నువ్వు చూస్తూండు అని నన్ను బండి దగ్గర నిలబెట్టి, చెట్ల వెనక్కి వెళ్లి కాసేపటికి వచ్చేవాడు. ఒంటికి వెళ్లాడనుకునేదాన్ని. అసలు సంగతి నాన్న పోయాక అమ్మ చెప్పింది. ప్రతి ఏడూ ఆ ప్రయాణానికి రెండు సీసాలు ఆముదం వడగట్టించుకునేవాడట. ఒకటి బండికి, ఒకటి ఆ ఇంటికి. అంటే మొదటిసారి సీసా ఇవ్వడానికి వెళ్లినప్పుడే ఆమె నాన్నకి అంతా చెప్పేసి ఉంటుంది. అన్నేళ్లూ నేను దాచుకున్నదాన్ని, నేను దాచుకుంటున్నానని తెలిసి, నాన్న కూడా దాచిపెట్టాడు.

ఇప్పుడు పలాసలో మోటార్లు కనిపిస్తే పిల్లలు కూడా పరిగెత్తరు. ఇంజిను నూనె డబ్బాల్లో వస్తోంది, దానికి ఏ వాసనా ఉండదు. పిల్లల పెంపకం మీద నా దగ్గర రెండు పుస్తకాలున్నాయి, ఎన్ని గంటలకి ఎన్ని గుక్కలో అచ్చువేసి ఉంటుంది. అవి చదివినకొద్దీ నాకు భయం పెరిగింది. ఆమె దగ్గర ఏ పుస్తకమూ లేదు. అత్తకి భయపడుతూ, పదిరోజుల పిల్లని ఒళ్లో పెట్టుకుని, ముక్కూ మొహం తెలియని గుంట అడిగితే సీసా మొత్తం ఇచ్చేసింది. ఆమె పేరు కూడా నేను అడగలేదు. ఆ పిల్లకి ఇప్పుడు పద్నాలుగేళ్లుంటాయి. చెబుతానన్న రెండక్షరాలూ చెప్పలేదు. పూండి ఇక్కడికి ఎంత దూరమని. ఆయన డ్యూటీ నుంచి రాగానే ఈ మాట చెప్పాలి, ఈ మార్గశిరం దాటకుండా వెళ్లాలి. పిల్లకి పెళ్లయిపోయి ఉంటే తల్లికైనా నేర్పుతాను, ఒప్పుకుంటే.

ఇంతవరకూ రాసి లేచి చూశాను. పాప నిద్రలో చప్పరిస్తోంది. వంటింట్లో కొబ్బరినూనె సీసా చలికి పేరుకుపోయి, తెల్లగా గట్టిగా ఉంది. పుల్లతో కొంచెం తవ్వి, వేలి మీద పెట్టుకుని, అరచేతిలో కరిగించి పాప మాడుకి అద్దాను. మిగిలింది దాని పెదాలకి రాశాను. కళ్లు తెరవకుండానే నాలుకతో అందుకుని, రుచి చూసి, మళ్లీ పడుకుంది. ఈసారి ముక్కు దగ్గర వేలు పెట్టి చూడలేదు.